కృష్ణా డెల్టాలో మట్టి చదువు, లెక్కల చదువు

2024 జూలైలో లిస్బన్ నగరంలో గుల్బెంకియన్ మానవతా పురస్కారం ప్రకటించారు. పది లక్షల యూరోల ఆ బహుమతిని ముగ్గురికి పంచారు: భూసార శాస్త్రవేత్త రతన్ లాల్, ఈజిప్టుకు చెందిన సెకెమ్ సంస్థ, మన ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం. పది లక్షలకు పైగా చిన్న రైతులు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, ఈ పనిలో ఉన్నారని నిర్ణేతలు చెప్పారు. ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే, సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. జనం మేడల మీద నిలబడి మంచినీళ్ల కోసం, పాల ప్యాకెట్ల కోసం పడవల వైపు చూశారు.

నేలను బాగుచేసే విద్య లోకానికి నేర్పుతున్న ప్రాంతం తన ఊరి వాగును ఎందుకు కాపాడుకోలేకపోయింది? ఈ ప్రశ్నకు ఇంజనీర్ల జవాబు వేరు, రాజకీయుల జవాబు వేరు. నాకు తోచిన జవాబు ఇది. డెల్టా ప్రజలు మట్టి గురించి ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. కౌలు, అప్పు, ధర, నీటి వాటా గురించి అలా కూర్చుని నేర్చుకోలేదు. పర్యావరణం ఒక తరగతిలో, ఆర్థికం మరో తరగతిలో పడిపోయాయి. మొదటి తరగతి ఊళ్లో నడుస్తోంది. రెండో తరగతికి పంతులూ లేడు, పలకా లేదు.

ఈ విడిపోవడం మొదటినుంచీ ఉన్నది కాదు. 1832-33 నాటి డొక్కల కరువు గుంటూరు ప్రాంతాన్ని నాశనం చేసింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు బెజవాడ దగ్గర ఆనకట్ట పని మొదలై 1855లో పూర్తయింది. 1952లో దానికి గండి పడితే, 1957 కల్లా ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఇవాళ తూర్పు, పశ్చిమ డెల్టాలు కలిపి సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు. ఈ నీళ్లు తెచ్చిన సిరి కొంత మేడలకూ బంగారానికీ పోయినా, కొంత చదువులోకి మళ్లింది. 1910లో మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. పుస్తకంతో పాటు చేతిపని నేర్పాలని వాళ్ల పట్టుదల. ఆ పట్టాభే 1915లో కృష్ణా జిల్లా సహకార బ్యాంకుకు, 1923లో ఆంధ్రా బ్యాంకుకు పునాది వేశాడు. బడి పెట్టిన చేత్తోనే బ్యాంకు పెట్టడం ఆ తరానికి వింతగా తోచలేదు.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య జీవితమంతా దానికే ఇచ్చాడు. 1930ల్లో పశ్చిమ డెల్టా కాలువల మీద పడవల్లో పుస్తకాలు ఊరూరా తిరిగాయి. పంటకు నీరు వెళ్లిన దారినే పుస్తకమూ వెళ్లింది. ఆ రోజుల్లోనే నిడుబ్రోలులో రైతు నాయకుడు ఎన్.జి. రంగా రైతు విద్యాలయం నడిపాడు. భూమి శిస్తు, వడ్డీ, సంఘం పెట్టుకోవడం లాంటి విషయాలు రైతు బిడ్డలకు పాఠాలయ్యాయి. వృక్షశాస్త్రం చెప్పిన గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు చేరింది. ఆర్థిక సమానత అన్నది ఆయన మాటల్లో అడుగడుగునా వినిపించేది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయినప్పుడు ఆ కేంద్రం వాళ్లు ఊళ్లు నిలబెట్టే పనిలో దిగారు.

ఈ మనుషులందరికీ రాజకీయాలు వేరు, పరస్పర విమర్శలూ ఉన్నాయి. ఒక్క విషయంలో మాత్రం వాళ్లు ఒకటి. పొలం, పుస్తకం, పద్దు మూడూ ఒకే చోట ఉండాలన్నది వాళ్లు మాటల్లో చెప్పినా చెప్పకపోయినా చేసి చూపించారు.

హరిత విప్లవం ఈ ముడిని విప్పింది. దాన్ని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. బాపట్ల వ్యవసాయ కళాశాలలో పుట్టి 1986లో విడుదలైన సాంబమసూరి, అంటే రైతులు బీపీటీ అని పిలుచుకునే 5204, ఇవాళ్టికీ మన కంచంలో ఉంది. కానీ విద్య ఒకవైపు నుంచే రావడం మొదలైంది. శాస్త్రవేత్త చెప్తాడు, వ్యవసాయాధికారి మోస్తాడు, రైతు వింటాడు. అధికారి దొరకని రోజున మందుల కొట్టు యజమానే గురువు. అప్పిచ్చేదీ ఆయనే, పురుగు పేరు చెప్పేదీ ఆయనే, డబ్బా చేతిలో పెట్టేదీ ఆయనే. ఒక మనిషి చేతిలో ఈ మూడూ ఉన్నప్పుడు రైతు నేర్చుకునేది కొనడం ఒక్కటే.

దీనికి ఎదురు తిరగడం మెట్ట ప్రాంతంలో మొదలైంది. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గరి పునుకుల గ్రామం 2003 నాటికి పురుగుమందులు మానేసింది. 2004లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సాగును రాష్ట్రమంతా తీసుకెళ్లడం మొదలుపెట్టింది. అంతకుముందే వచ్చిన పొలంబడి దీనికి ఒక మూసనిచ్చింది. 1989లో ఇండోనేసియాలో, వరిలో దోమపోటుతో వేగిన రైతుల మధ్య పుట్టిన పద్ధతి అది. వారానికోసారి చేలోకి దిగి, మొక్క మీద మిత్రపురుగులెన్ని, శత్రుపురుగులెన్ని అని లెక్కపెట్టి, మందు కొట్టాలో వద్దో రైతులే తేల్చుకోవడం. 2014లో రైతు రుణ విముక్తి కోసం పెట్టిన రైతు సాధికార సంస్థ, ఒకటి రెండేళ్లలో ప్రకృతి వ్యవసాయానికి ఇరుసుగా మారింది. ఈ సాగు ప్రచారకుడు సుభాష్ పాలేకర్ శిక్షణలకు వేలమంది రైతులు వెళ్లి రోజుల తరబడి కూర్చున్నారు. విశ్రాంత ఐఏఎస్ అధికారి టి. విజయకుమార్ దీన్ని మహిళా సంఘాల గొలుసుకు కట్టారు. నా దృష్టిలో ఈ ఉద్యమం గెలవడానికి అసలు కారణం జీవామృతం కంటే ఆ గొలుసే.

ఆ గొలుసు ఊళ్లో ఎలా పనిచేస్తుందో చెప్పాలి. ముందు సాగు మార్చుకుని నిలదొక్కుకున్న రైతునే పక్క ఊరికి బోధకుడిగా పంపుతారు. సీఆర్పీ (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్) అని పిలుస్తారు. ఆ మనిషి బట్టలకు పేడ వాసన ఉంటుంది, చేతికి కాయలుంటాయి. సాయంత్రం గ్రామైక్య సంఘం సమావేశంలో పొదుపు డబ్బులు లెక్కపెట్టాక మాట పొలం మీదికి మళ్లుతుంది. మర్నాడు ఒకరి దొడ్లో రెండు వందల లీటర్ల డ్రమ్ము పెడతారు. పది కిలోల ఆవుపేడ, ఐదు నుంచి పది లీటర్ల ఆవు పంచితం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గట్టు మీది పిడికెడు మట్టి వేసి నీళ్లు నింపి గోనెపట్టా కప్పుతారు. పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పాలి. రెండో రోజుకి పైన బుడగలు లేస్తాయి, వాసన మారుతుంది. ఇక ఎకరానికి సరిపడా జీవామృతం సిద్ధమైనట్టే. దీనికి చదువు రాకపోవడం అడ్డం కాదు, కరెంటు అక్కర్లేదు. చూసిన మనిషి చూపించగలదు. పాఠం ఇంత సులువుగా చేతులు మారడం వల్లే పదేళ్లలో ఇన్ని ఊళ్లకు పాకింది.

అలాగని అన్నీ అనుకున్నట్టు జరగలేదు. 2018లో రాష్ట్ర ప్రభుత్వం 2024 నాటికి 60 లక్షల మంది రైతులను మారుస్తామంది. అది అందలేదు. 2019లో కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ఈ సాగు ప్రస్తావన వచ్చాక, జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ దీనికి శాస్త్రీయ ఆధారాలు చాలవని గట్టిగా అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరాన్ని శత్రువుల మాటగా కొట్టిపారేయడం తప్పు. ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మన రైతుల పొలాల్లోనే పోల్చి చూసిన ప్రయోగాలు, 2023లో వచ్చిన గిస్ట్ ఇంపాక్ట్ అనే సంస్థ అధ్యయనం ఆ అభ్యంతరానికి కొంత జవాబిచ్చాయి. గిస్ట్ అధ్యయనంలో దిగుబడి సగటున 11 శాతం, నికర ఆదాయం 49 శాతం ఎక్కువగా కనిపించాయి. పనిదినాలు పెరిగాయని కూడా అందులోనే ఉంది. ఆ పెరిగిన పని ఎవరి నడుం మీద పడిందో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. డ్రమ్ము తిప్పేదీ, కషాయం కాచేదీ, పేడ ఎత్తేదీ ఎక్కువగా ఆడవాళ్లే. ఆ శ్రమకు కూలి కట్టకుండా తేల్చిన లాభం పూర్తి లాభం కాదు.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువులను ఒక్క కలంపోటుతో నిషేధించి, పంటలు పడిపోయి, అదే ఏడాది నవంబరులో వెనక్కి తగ్గింది. మన దగ్గర అలాంటి విపత్తు రాలేదు. రైతు ముందు ఒక మూల, అర ఎకరంలో చేసి చూసి, నమ్మకం కుదిరాకే మిగతా పొలానికి వెళ్లాడు. నేర్చుకోవడానికి వ్యవధి ఇవ్వడంలో ఉన్న తేడా ఇది.

ఇప్పుడు డెల్టాకు వద్దాం. మెట్టలో ఇంత బాగా పాకిన చదువు ఇక్కడ ఎందుకు నెమ్మదించింది? నేల బరువు నల్లరేగడి. కాలువ వచ్చిందంటే చేనంతా నీళ్లే. వేసవి చివర, కాలువకు నీరు వదలక ముందే, నవధాన్యాల విత్తనాలకు మట్టి, ఘనజీవామృతం, బూడిద పూసి పొడి దుక్కిలో చల్లమంటోంది ప్రకృతి వ్యవసాయం. డెల్టా రైతుకి ఇది మరీ కొత్త కాదు. జనుము, పిల్లిపెసర ఇక్కడి పాత పైర్లే. అంతకంటే గొప్ప విద్య ఒకటి ఇక్కడి రైతు చేతిలో ఉంది. అది మాగాణి మినుము. వరి ఇంకా నిలబడి ఉండగానే, కోతకు రెండు మూడు రోజుల ముందు చేలోకి దిగి చూస్తాడు. కాలు దిగబడితే ఇంకా ఆగాలి. అడుగు ముద్ర పడి, నీరు ఊరకుండా ఉంటే అదే పదును. అప్పుడు మినుములు చల్లుతాడు. దున్నడం లేదు, తడి లేదు. వరి వదిలిన చెమ్మతో, మంచుతో పైరు ఎదుగుతుంది. ఆ వేళ్ల బుడిపెలు మరుసటి వరికి నత్రజని దాచిపెడతాయి. జపాన్‌లో ఫుకువోకా అనే రైతు నిలబడిన వరిలో విత్తనాలు చల్లాడని చదివి మనం ఆశ్చర్యపడ్డాం. మన తాతలు దివిలోనూ తెనాలిలోనూ చేసిందీ ఇలాంటిదే.

ఆ విద్య ఇప్పుడు జారిపోతోంది. కూలీలు దొరక్క కోత యంత్రం వచ్చింది. యంత్రం చక్రాల కింద మినుము మొలకలు నలిగిపోతాయి. గడ్డి చేలో చెల్లాచెదురుగా పడుతుంది, దానికి నిప్పు పెడతారు. మినుము పోయినచోట దున్నకుండా వేసే మొక్కజొన్న వచ్చింది. దానికి బస్తాల కొద్దీ యూరియా కావాలి. ఇక్కడ తప్పు రైతు అజ్ఞానానిది కాదు. కూలి ధర, యంత్రం అద్దె, మొక్కజొన్న రేటు కలిసి తీసుకున్న నిర్ణయం అది. జీవామృతం డ్రమ్ము దగ్గర ఈ లెక్క చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

అసలు లెక్క ఇంకా లోతున ఉంది. డెల్టాలో నాగలి పట్టేవాళ్లలో చాలామంది కౌలుదార్లు. భూమి మచిలీపట్నంలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నవాళ్ల పేరు మీద ఉంటుంది. కౌలు నోటిమాట మీద నడుస్తుంది, బస్తాల్లో కట్టాలి, ముందే ఒప్పుకోవాలి. వచ్చే ఏడు ఈ చేను తనదో కాదో తెలియని మనిషిని పట్టుకుని, మూడేళ్లు ఓపిక పట్టు, మట్టిలో సేంద్రియ కర్బనం పెరుగుతుంది అని చెప్పడం ఎంతవరకు న్యాయం? ఆ పెరిగిన సారాన్ని చూసి యజమాని కౌలు నాలుగు బస్తాలు పెంచితే ఆ చదువు ఎవరికి ఉపయోగపడినట్టు? 2011లో అధీకృత సాగుదారుల చట్టం రుణ అర్హత కార్డులు ఇచ్చింది. 2019లో పంట సాగుదారుల హక్కు పత్రం వచ్చింది. దానికి యజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం, అడిగితే కౌలే పోతుందని సాగుదారు భయం. ఈ రెండు భయాలనూ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించే పని ఏ శిక్షణలోనూ లేదు. మట్టిని బాగుచేసే ఏ ఉద్యమమైనా డెల్టాలో ముందు దాటాల్సిన గడప ఇది. మూడేళ్లకో ఐదేళ్లకో కౌలు రాతపూర్వకంగా ఇచ్చి, మట్టి బాగుపడితే కౌలు పెంచనని యజమాని మాటిచ్చే ఊరు ఒక్కటి చూపిస్తే, నూరు శిక్షణా శిబిరాలకంటే అది ఎక్కువ నేర్పుతుంది.

ఆర్థికం నేర్పకపోతే ఏం జరుగుతుందో కొల్లేరు చూపించింది. 1976లో ప్రభుత్వం చుట్టుపక్కల పేదలతో సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులకు భూమి ఇచ్చింది. ఉద్దేశం మంచిది. కానీ చెరువుకు పెట్టుబడి ఎక్కడినుంచి తేవాలి, మేతకు ఎవరు అప్పివ్వాలి, చేప ఎక్కడ అమ్మాలి అన్నది సంఘాల చేతిలో లేదు. కొన్నేళ్లకే చెరువులు లీజుల మీద డబ్బున్నవాళ్ల చేతికి వెళ్లాయి. సభ్యులు తమ చెరువు మీద తామే కాపలా కూలీలయ్యారు. గట్లు సరస్సును మింగాయి. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో యంత్రాలతో చెరువులు కొట్టేశారు. కొట్టినచోట కొన్ని మళ్లీ లేచాయి. కాగితం మీద సహకారం ఉన్నంత మాత్రాన సంఘం అయిపోదని ఇంతకంటే బాగా చెప్పే పాఠం నాకు తెలియదు.

ఆ కొల్లేరుకీ సింగ్‌నగర్‌కీ చుట్టరికం ఉంది. బుడమేరు సహజంగా వెళ్లి కలిసేది కొల్లేరులోనే. కొల్లేరు నీరు సముద్రానికి వెళ్లే దారి ఉప్పుటేరు ఒక్కటే. పైన వాగు గర్భంలో ఇళ్లు, కింద సరస్సులో గట్లు, చివర ఉప్పుటేరులో పూడిక. ఎక్కడ బిగిసినా నీరు వెనక్కి తంతుంది. విజయవాడ వాసికి కొల్లేరు పక్షులను చూడ్డానికి వెళ్లే చోటు. తన ఇంటి మురుగునీటి లెక్క అక్కడ తేలుతుందని తెలిసిన వాళ్లు ఎంతమంది? కరువు జిల్లాల్లో ఒకప్పుడు ఇలాంటి లెక్క జనమే చేశారు. 2000ల్లో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు జిల్లాల్లో రైతులే వానమాపకాలు పెట్టుకుని, బావుల్లో నీటిమట్టం కొలిచి, గోడ మీద రాసి, ఆ ఏడాది ఏ పంటకు నీళ్లు సరిపోతాయో తేల్చుకున్నారు. నీళ్లు లేనివాళ్లు నేర్చుకున్న ఆ పాఠం నీళ్లున్నవాళ్లకు పట్టలేదు. బుడమేరు పొడవునా, వెలగలేరు నుంచి కొల్లేరు దాకా, ప్రతి ఊళ్లో బడిపిల్లలు నీటిమట్టం కొలిచి రాస్తే ఎంత ఖర్చవుతుంది?

తీరంలో మాత్రం ఒక మంచి ఉదాహరణ ఉంది. కృష్ణ ముఖద్వారంలో చచ్చిపోయిన మడ అడవిని తిరిగి లేపడానికి స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, తీరగ్రామాల వాళ్లు 1990ల చివరి నుంచి కలిసి పనిచేశారు. ఆటుపోటు నీరు అందక ఉప్పు పేరుకున్న బీడుల్లో చేపముల్లు ఆకారంలో సన్నకాలువలు తవ్వి, వాటి ఒడ్డున తెల్లమడ నాటారు. మడ ఉంటే పీత, రొయ్య పిల్లలు దొరుకుతాయని మత్స్యకారులకు అనుభవం. ఉప్పెన జ్ఞాపకం ఎలాగూ ఉంది. అడవి లాభం, వలలో పడే చేప లాభం ఒకటేనని తెలిసినచోట పర్యావరణం గురించి ఎవరూ ఉపన్యాసం చెప్పక్కర్లేదు.

గుల్బెంకియన్ బహుమతి పంచుకున్న సెకెమ్ ఈ రెండు చదువులనూ కలిపింది. 1977లో, మన ఉప్పెన ఏడాదే, ఇబ్రహీం అబులైష్ కైరోకు దూరంగా ఎడారిలో దాన్ని మొదలుపెట్టాడు. కంపోస్టుతో ఇసుకను నేలగా మార్చారు. దాని పక్కనే మూలికలు, నూలు అమ్మే కంపెనీలు, పిల్లల బడి, తర్వాత విశ్వవిద్యాలయం వచ్చాయి. అమ్మకంలో మిగిలిన డబ్బులో కొంత బడికి వెళ్తుంది. గాంధీ సహచరుడు జె.సి. కుమారప్ప 1945లో జైలు నుంచి రాసిన పుస్తకంలో శాశ్వతంగా నిలిచే ఆర్థిక విధానం గురించి చెప్పింది కూడా దాదాపు ఇదే దారి. మన రాష్ట్రంలో రైతులే పరిశోధకులుగా నేర్చుకునే అకాడమీ పులివెందులలో వచ్చింది. మంచి పని. అందులో కౌలు, ధర, సహకార పద్దు కూడా పరిశోధనాంశాలు కావాలి. డెల్టాకు దానికి తోబుట్టువు ఒకటి కావాలి.

ఇక తినేవాళ్ల సంగతి. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైనప్పుడు విజయవాడ వాటిని ఎంతో ఇష్టంగా ఆదరించింది. ఆ తర్వాత ఆ ఆలోచన అక్కడే ఆగింది. తిరుమల తిరుపతి దేవస్థానం 2021 తర్వాత ప్రకృతి వ్యవసాయ ధాన్యం, పప్పులు కొనడం మొదలుపెట్టాక చాలామంది రైతులకు ధైర్యం వచ్చింది. ఇంద్రకీలాద్రి అన్నదానం, నగరంలోని వందల కాలేజీ హాస్టళ్లు, బడుల్లో మధ్యాహ్న భోజనం ఇవన్నీ ముందస్తు ధరకు ఒక్కో గ్రామైక్య సంఘంతో ఒప్పందం రాసుకుంటే, డెల్టాలో బోధకుడు చెప్పే పాఠానికి బలం వస్తుంది. ఆ ఒప్పందంలో కౌలుదారు పేరు ఉండాలి. అది లేకపోతే మళ్లీ యజమాని ఖాతాలోకే డబ్బు వెళ్తుంది.

ఇంతవరకు వచ్చిన పాఠకులకు నా విన్నపం చిన్నది. మీకు డెల్టాలో భూమి ఉంటే ఈ ఏడాది మీ కౌలుదారుకు కనీసం మూడేళ్ల కాగితం రాసివ్వండి, హక్కుపత్రం మీద సంతకం పెట్టండి. మీరు విజయవాడలో బియ్యం కొనుక్కుని తినేవాళ్లైతే, నలుగురైదుగురు ఇరుగుపొరుగు కలిసి కృష్ణా, గుంటూరు, బాపట్ల జిల్లాల్లో ఒక్క మహిళా సంఘంతో ఏడాదికి సరిపడా బియ్యం, మినుములు ముందే మాట్లాడుకోండి. ధర ఎలా తేలిందో వాళ్లతో కూర్చుని అడిగి తెలుసుకోండి. రెండో తరగతికి మొదటి హాజరు అదే.